పాదం మీద చెయ్యి

కదలకూడదు అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచీ పిట్టకి ఒళ్ళంతా ఒకటే దురద. ముందు ముక్కు కొస మీద, అది ఓర్చుకుంటే చెవి వెనక, అదీ ఓర్చుకుంటే ఎన్నడూ దురద అన్నదే ఎరగని మోచేతి వంపులో. బల్లతో సహా తనని తెల్లటి సొరంగంలోకి తోసేశారు. తల చుట్టూ బోనులాంటి ప్లాస్టిక్ చట్రం, చెవుల్లో మెత్తటి బిరడాలు, వాటి మీద మళ్ళీ హెడ్‌ఫోను, కుడిచేతిలో భయమేస్తే నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతి. ఎడంచేతిలో ఏమీ పెట్టలేదు. ఆ చేతిని ఇప్పుడెవరూ నమ్మడం లేదు, పిట్టతో సహా. పిట్ట అసలు పేరు కాదు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని నాన్న అలా పిలవడం మొదలుపెట్టాడు, పదహారేళ్ళు వచ్చినా ఆ పిలుపు వదల్లేదు. ఇందాక గది బయట కూడా అలాగే పిలిస్తే స్కాన్ తీసే మనిషి విని పట్టేసుకున్నాడు. "పిట్టమ్మా, వినిపిస్తోందా? ఇప్పుడు డబడబమని చప్పుడొస్తుంది. వీధిలో రోడ్డు తవ్వుతున్నారనుకో. వాళ్ళకంటే మా మిషనే నయం, ఎప్పటికి అయిపోతుందో చెప్తుంది." నవ్వొచ్చింది. నవ్వితే స్కాన్ బొమ్మ చెదిరిపోతుందట. నవ్వించి నవ్వొద్దంటాడేం ఈ మనిషి.

కాళ్ళ దగ్గర ఎవరో ఉన్నారు. సిస్టర్ కాబోలు. దుప్పటి కప్పి, బల్ల లోపలికి జరిగాక, ఒక చెయ్యి వచ్చి పాదం పట్టుకుంది. చిన్నపిల్లలకి అలా ఎవరో ఒకరు తోడు కూర్చుంటారని బయట చెప్పారు. నేను చిన్నపిల్లనా అని అడగాలనిపించింది, అడగలేదు. పిట్టకి అడగాలనిపించినవి అడగనివిగానే ఉండిపోతాయి. కళ్ళకి ఎదురుగా చట్రానికి బిగించిన చిన్న అద్దం ఉంది. అందులో గదికి అవతల, గోడలో ఉన్న గాజు కిటికీ కనిపిస్తోంది. పాదాల దగ్గర స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఆ అద్దంలో పడరు, కిటికీ మాత్రమే పడుతుంది. కిటికీ వెనక కంప్యూటరు తెర వెలుగులో స్కాన్ మనిషి మొహం, ఆయన వెనక తెల్లజుట్టు పెద్దడాక్టరు, అమ్మకి పాఠాలు చెప్పినాయన. ఆయన పక్కన కుర్చీ. ఆ కుర్చీ అమ్మది. ఏ పిల్ల తల, ఏ పిల్లవాడి తల ఈ సొరంగంలోకి వచ్చినా అమ్మ కూర్చునేది అందులోనే అని పిట్టకి తెలుసు. కుర్చీ ఖాళీగా ఉంది. వస్తుందిలే. ఇంకా మొదలేగా.

డబడబ మొదలైంది. పళ్ళలోకి, వెన్నులోకి. లోపల తన తలలో ఏముందో ఆ చప్పుడు తట్టి చూస్తోంది, గోడ లోపల డొల్ల ఉందేమోనని మేస్త్రీ తట్టి చూసినట్టు. అమ్మ మెదడు సర్జన్. అందులోనూ మెదడు రక్తనాళాలే ఆవిడ లోకం. ఆ లోకంలోనూ ఒక మూల ఉంది, పిట్ట పుట్టకముందు నుంచీ అక్కడే తవ్వుతోంది. కొందరికి మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలు, ఎందుకో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు, లోపలినుంచి మెల్లమెల్లగా ఇరుకైపోతాయి. పెద్ద దారి మూసుకుపోతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు, చుట్టూ సందులూ గొందులూ వేసుకుంటుంది. వెంట్రుకల్లాంటి సన్నటి నాళాలు, లెక్కలేనన్ని. బొమ్మలో చూస్తే ఎవరో నోట్లోంచి వదిలిన పొగలా ఉంటాయి. అందుకే ఇంట్లో ఆ జబ్బు పేరు పొగ. "ఇవాళ పొగ ఉందా?" అని నాన్న అడిగితే, వంట తను చెయ్యాలా అని అడుగుతున్నట్టు. అమ్మ ఒకసారి చెప్పింది: "పొగని చూసి భయపడకూడదే. అది పాపం మెదడు బతకడానికి పడే తాపత్రయం. భయపడాల్సింది దాని వెనకాల ఉన్న ఇరుకుని చూసి." కొన్ని కుటుంబాల్లో అది ఒకరికొస్తే ఇంకొకరికీ వస్తుంది. చెయ్యి పడిపోకముందే, మాట తడబడకముందే, బాగున్నప్పుడే పట్టుకోవాలి, ఎలా పట్టుకోవాలి అన్నదే అమ్మ పరిశోధన. అన్నకి వస్తే తమ్ముడిని పిలిపిస్తుంది, తల్లికి వస్తే పిల్లల్ని. అందరి తలల్లోకీ చూసింది. ఇవాళ నా తల వంతు, అనుకుంది పిట్ట. పొగ ఉందో లేదో తేలేది ఇవాళే. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

డబడబ ఆగి టకటక అందుకుంది. ఇది కోళ్ళ కొట్టు అతని కత్తి చప్పుడు. ఆదివారం పొద్దున నాన్నా తనూ వెళ్ళేవాళ్ళు. "ఏం తల్లీ, మళ్ళీ రెక్కలేనా? మీ అమ్మకి కాళ్ళంటే పడదా?" "రెక్కలే కావాలంట." "రెక్కల డాక్టరమ్మ!" అని అతను నవ్వుతూ పొట్లం కట్టేవాడు, మీ ఇంట్లో అందరూ ఎగిరిపోతారేమో చూసుకోండి అనేవాడు. కోడి రెక్కలో ఎముక పక్కన ఒక రక్తనాళం ఉంటుంది, పిల్లల మెదడు మీది నాళమంత సన్నం. అమ్మ దాన్ని పైకి తీసి, కోసి, భోజనాల బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకుని మళ్ళీ అతికించేది. కంటికి ఆనని దారం. కుట్టాక రంగునీళ్ళు ఎక్కించి ఎక్కడైనా కారుతోందేమో చూసేది. కారిందంటే విప్పేసి మళ్ళీ మొదటికి. ఎంత పెద్ద సర్జన్ అయినా ఆ సాధన మానలేదు, చెయ్యి మర్చిపోతుందే అనేది. మధ్యాహ్నానికి అవే కూరలోకి. నాన్న ముక్క చేత్తో పట్టుకుని, నల్లటి నలకలాంటి ముడిని వెతికి చూపించి, "ఇంకాస్త ఓపిక పట్టుంటే ఈ కోడి బతికి బట్టకట్టేదే" అనేవాడు. అమ్మ పకపకా నవ్వేది. కుట్టేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. పిట్ట బల్ల అంచుకి గడ్డం ఆనించి నిలబడేది. అమ్మ కళ్ళు రెండూ మైక్రోస్కోపులో. అమ్మా. ఊఁ. ఇటు చూడమ్మా. చూస్తున్నా, చెప్పు. చూడకుండానే. ఆ వెలుగు కింద, ఆ కళ్ళ కింద, అంతసేపు అలా పడి ఉండే రెక్కనైనా బాగుండేది అని ఒకసారి నిజంగానే అనుకుంది.

మరీ చిన్నప్పుడు చూసేది. ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఒకసారి అమ్మలాగే డాక్టరాట ఆడుతూ నాన్న మణికట్టు మీద బొటనవేలు నొక్కిపెట్టి, "నాన్న గుండె గుర్రంలా పరిగెడుతోంది" అని అరిచింది పిట్ట. "అది నాన్నది కాదే, నీది" అంది అమ్మ. "బొటనవేలికి సొంత నాడి ఉంటుంది. దాంతో పట్టుకుంటే ఎదుటివాళ్ళది సరిగ్గా తెలీదు, నీదే నీకు తెలుస్తుంది. అందుకే డాక్టర్లు దాన్ని దూరంగా పెట్టి, ఇదిగో, ఈ రెండు వేళ్ళతో చూస్తారు." చూపుడువేలూ నడిమివేలూ జతచేసి పిట్ట వేళ్ళని సర్ది పెట్టింది. "మరి నా గుండె మాటేంటి?" అన్నాడు నాన్న. "అది ఎప్పటిలాగే ఎద్దులా నడుస్తోందిలే" అంది అమ్మ. తన వేళ్ళని సర్దిన అమ్మ వేళ్ళు ఎంత పొడిగా, ఎంత తేలిగ్గా ఉండేవి. ఎన్నిసార్లు కడిగీ కడిగీ పొడిబారిపోయిన వేళ్ళు.

"బ్రహ్మాండంగా పడుకున్నావు పిట్టమ్మా. రాయి కూడా నీ అంత కుదురుగా ఉండదు. ఇంకోటి, ఇది కాస్త పెద్దది." పాదం మీది చెయ్యి ఒకసారి సర్దుకుని మళ్ళీ పట్టుకుంది. సిస్టర్‌కి విసుగు రావడం లేదా? చల్లటి గదిలో ఆ చెయ్యి ఒక్కటే వెచ్చన. పొడి చెయ్యి. ఆస్పత్రిలో అందరి చేతులూ అంతే.

తెల్లవారుజామున కూడా గది ఇలాగే చల్లగా ఉండేది. అమ్మ ఆపరేషనుకి వెళ్ళే రోజున వెలుగు రాకముందే లేచేది. బయల్దేరేముందు పిట్ట మంచం దగ్గరికి వచ్చి, చెవికి కాస్త ముందు, కణత మీద వేలు పెట్టేది. కాసేపు అలాగే ఉంచేది. మెల్లగా అటూ ఇటూ రాసి తీసేసేది. సబ్బు వాసన. పిట్టకి మెలకువ వచ్చినా కళ్ళు తెరిచేది కాదు, తెరిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని. రోజంతటిలో అమ్మ ముక్కచెక్కలు కాకుండా మొత్తంగా తనకి దొరికేది ఆ కాసేపే. అది కూడా పోగొట్టుకుంది. ఏడో తరగతిలో ఒక సాయంత్రం ఆస్పత్రిలో అమ్మ గదిలో మూలన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అమ్మ తన కింద పనిచేసే డాక్టర్లకి బొమ్మలు చూపిస్తోంది. చెవి ముందు నుంచి కణత మీదుగా పైకి పోయే నాళం ఒకటుంటుందనీ, పొగ ఉన్న పిల్లలకి చర్మం కింద నుంచి ఆ నాళాన్నే మళ్ళించి, ఎముకలో కిటికీ తెరిచి, లోపల మెదడు మీది నాళానికి కుడతామనీ, ఎండిన కాలువకి పక్కకాలువ కలిపినట్టు అనీ చెబుతోంది. "కాబట్టి ముందుగా ఇక్కడ వేలు పెట్టి చూడండి. బాగా కొట్టుకుంటోందా లేదా. ఇది బాగుంటేనే మన దగ్గర సరుకున్నట్టు" అంది. తన కణత మీద పెట్టి చూపించింది. పిట్ట చేతిలో పెన్సిలు ఆగిపోయింది. అదే చోటు. సరిగ్గా అదే చోటు. అయితే అది ముద్దు కాదన్నమాట. ఇంట్లో సరుకు ఉందో లేదో చూసుకోవడమన్నమాట. డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టెయ్యడమన్నమాట, ఎప్పుడైనా అవసరం పడితే ఉంటుందని. మర్నాడు వేలు తగలగానే నిద్రలో దొర్లినట్టు గోడవైపు తిరిగిపోయింది. ఆ మర్నాడూ. అమ్మ కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. ఏమైందే అని అడగలేదు. పిట్టా చెప్పలేదు. కొన్నాళ్ళకి రావడం మానేసింది. మానేశాక, గోడవైపు తిరిగి పడుకుని, తలుపు చప్పుడైతే గుండె బిగబట్టి, చెప్పుల చప్పుడు గది దాటిపోయేదాకా వినేది. రమ్మని నోరు తెరిచి అడగలేక ఎన్ని తెల్లవారుజాములు పోయాయో. ఇప్పటికీ అడగలేదు.

అయినా సరుకు మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి స్కాన్ ఎందుకు చేయించలేదు? ఇదే అర్థం కాదు. ఒకసారి ఆస్పత్రిలో అమ్మ గదికి ఒకావిడ వచ్చింది, పెద్దకొడుకుకి అమ్మే ఆపరేషను చేసింది. రెండోవాడికి కూడా ఒకసారి తీయిద్దామమ్మా అని అమ్మ అంటే ఆవిడ ససేమిరా అంది. "వాడికేం డాక్టరమ్మా, దుక్కలా ఉన్నాడు." "దుక్కలా ఉన్నప్పుడే చూడాలి తల్లీ. పడిపోయాక చూడ్డానికి నేనెందుకు?" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మూలన ఉన్న పిట్టని చూసింది. "మీ చెల్లెలికీ ఇదే జబ్బటగా, సిస్టరమ్మలు చెప్పుకుంటున్నారు. మరి మీ పిల్లకి చేయించారా?" అమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది. "చేయిస్తాను" అంది చివరికి. చేయించలేదు. ఆ నెలా లేదు, ఆ ఏడాదీ లేదు. పిట్టకి ఎంత రోషం వచ్చిందో. ఊళ్ళో పిల్లలందరి తలకాయలూ కావాలి, నాది మాత్రం అక్కర్లేదు. అందులో ఏముంటుందిలే అనుకుంటుందేమో. ఇప్పుడు, ఈ సొరంగంలో, ఈ ఖాళీ కుర్చీని అద్దంలో చూస్తుంటే, ఇంకోలా అనిపిస్తోంది. పెట్టె తెరవకపోతే లోపల ఏదైనా ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. తెరిస్తే ఒక్కటే ఉంటుంది. అమ్మ కూడా భయపడుతుందా? ఆ ఆలోచన అలవాటు లేని చెప్పులా ఉంది, ఎటు తిప్పినా కాలికి పట్టడం లేదు.

చెల్లెలు అంటే పిన్ని. పిన్నిని పిట్ట చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో ఆవిడ పెదాలు సున్నాలా చుట్టి ఉంటుంది, ఫొటో తీస్తున్నా ఈల ఆపలేదట. అందుకే అందరూ ఈలపిల్ల అనేవాళ్ళు. బట్టలు ఆరేస్తూ ఈల, మెట్లు దిగుతూ ఈల, అమ్మమ్మ తిడుతుంటే ఆ తిట్లకి తాళంగా ఈల. ఈల వేస్తూ వేస్తూ చేతిలోది జారవిడిచేది. "గ్లాసు పట్టుకోవడం చేతకాదు గానీ ఈలలు మాత్రం వచ్చు మహారాణికి! చేతులా అవి, చిల్లుగరిటెలా?" అని అమ్మమ్మ. అందరూ నవ్వేవాళ్ళు, పిన్ని అందరికంటే ఎక్కువ నవ్వేది. గట్టిగా ఊదినప్పుడు, వెక్కి వెక్కి ఏడ్చినప్పుడు, ఊపిరి ఎక్కువగా బయటికి పోయినప్పుడు, ఆ ఇరుకు నాళాలు ఇంకాస్త ముడుచుకుంటాయనీ, చెయ్యి అందుకే జారుతుందనీ అప్పుడు ఎవరికి తెలుసు? ఒకరోజు గ్లాసు జారలేదు, పిన్నే జారిపోయింది, మళ్ళీ లేవలేదు. పెళ్ళీడు కూడా రాలేదు. అమ్మ అప్పుడు డాక్టరు చదువులో కొత్తగా చేరింది. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పింది. అమ్మ చేసిందల్లా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టడం. బుడగలు ఊదకూడదు. సబ్బునీళ్ళ బుడగలూ కూడదు. వేడి పాలు ఊదకూడదు, చల్లారేదాకా ఆగాలి. పిట్ట ఏడుపు మొదలుపెడితే ఎంత పనిలో ఉన్నా పరుగెత్తుకొచ్చి, చాలు చాలు, ఆపు, ఊపిరి మెల్లగా తీసుకో అనేది. మిగతా అమ్మలు ఏడవనిచ్చి ఊరుకోబెడతారు. ఈవిడకి చప్పుడు పడదనుకునేది పిట్ట.

కూడదన్నదాని మీదికే మనసు పోతుంది. బళ్ళో సంగీతం మేష్టారు వేణువు నేర్పిస్తానంటే పిట్ట ఇంట్లో చెప్పకుండా చేరిపోయింది. నలుగురిలో నోరు పెగలని పిల్లకి నోటితోనే పలికే వాయిద్యం దొరికింది. మాట్లాడితే చెమటలు పట్టే మనిషి ఊదితే మాత్రం గదంతా నిండేది. అమ్మని పిలుద్దామనుకుంది, ఎన్నిసార్లో. ఒక్క పాట, అమ్మ కళ్ళు మైక్రోస్కోపులో కాకుండా తన మీద. ఈమధ్యే ఎడంచేతి ఉంగరపువేలు మొరాయించడం మొదలుపెట్టింది. పెద్ద పాట చివరికొచ్చేసరికి రంధ్రం మీదకి రాదు, వచ్చినా నిలవదు, ఎవరిదో వేలు తన చేతికి తగిలించినట్టు. కాసేపటికి అదే సర్దుకునేది. "బద్ధకం వేలు" అనేవాడు మేష్టారు. అవునేమో అనుకుంది. వార్షికోత్సవం సంగతి నాన్నకి మాత్రం చెప్పింది. నాన్న కడుపులో మాట దాగితేగా.

అమ్మ వచ్చింది. చివరి వరసలో, చీర కూడా మార్చుకోకుండా, ఆస్పత్రి కార్డు మెడలో వేలాడుతుండగా. పాట మొదలుపెడుతూ చూసింది పిట్ట. గొంతులో ఏదో పొంగింది, అది తిన్నగా వేణువులోకి వెళ్ళిపోయింది. అంత బాగా తను ఎప్పుడూ వాయించలేదు. రెండో చరణంలో వేలు జారింది. తర్వాత పక్క వేలు. తర్వాత చెయ్యి మొత్తం వేణువు మీద నుంచి తడిగుడ్డలా ఊడి పడింది. చివరి వరసలోంచి అమ్మ లేచింది. కుర్చీలు తోసుకుంటూ, కాళ్ళు తొక్కుకుంటూ స్టేజీ ఎక్కింది. "ఊదకు! చాలు, ఊదకు!" వేణువు లాగేసింది. హాలంతా చూస్తుండగా ఎడంచెయ్యి తిప్పి చూసి, "ఎప్పట్నుంచి ఇలా? పిడికిలి బిగించు. బిగించవే. నా వేళ్ళు నొక్కు" అంది. అమ్మా, అందరూ చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. కారులో ఇంటికొస్తుంటే పిట్ట ఒక్క మాటే అంది, "నువ్వెందుకొచ్చావు?" ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. తిన్నావా, తిన్నాను, రేపు స్కాన్, సరే. వచ్చింది గానీ నన్ను చూడ్డానికి రాలేదు, చేతిని చూడ్డానికి వచ్చింది. లోకంలో ఏ తల్లయినా పిల్ల పాట వినడానికి వస్తుంది, ఈవిడ పిల్లలోని నాళాల్ని చూడ్డానికి వచ్చింది.

పోనీ, ఇవాళైనా చూస్తుందిగా. ఇన్నాళ్ళూ ఇటు చూడమ్మా ఇటు చూడమ్మా అని అడిగితే చూడని కళ్ళు ఇవాళ తన తల లోపలికి, పొరపొరా, గంటసేపు చూస్తాయి. ఇంతకంటే ఎవరు ఎవరిని చూస్తారు? అదీ లేదు. కుర్చీ ఖాళీ. పెద్దడాక్టరు ముందుకి వంగి తెర మీద ఏదో వేలు పెట్టి చూపిస్తున్నాడు, స్కాన్ మనిషి తల ఊపుతున్నాడు. ఏం చూపిస్తున్నాడు? పొగా? ఏమీ లేనిదాన్ని అంతసేపు చూపిస్తారా? అమ్మకి ఏ అర్జంటు కేసో వచ్చి ఉంటుంది, ఇంకెవరి పిల్లో పడిపోయి ఉంటుంది. ఎప్పుడూ ఇంకెవరి పిల్లో ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవకూడదు, ఏడిస్తే బొమ్మ చెదురుతుంది, ఏడిస్తే నాళాలు ముడుచుకుంటాయి, ఏడవడానికి కూడా లేని తల ఇది. ఒక చుక్క కంటి కొస దాటి చెవివైపు జారింది. సరిగ్గా కణత మీదుగా, వేలు ఉండాల్సిన చోటు మీదుగా. తుడుచుకోవడానికి లేదు. కిటికీలోంచి నాన్న కూడా కనిపించడు, ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఇందాక తన చెవిపోగులూ తలపిన్నులూ తీసి జేబురుమాల్లో పోస్తే, దాన్ని గుడ్డుని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పటికే అందులో ఏవో ఉన్నాయి. నల్లటి పట్టీ. వాచీ పట్టీ. నాన్న వాచీ పెట్టుకోడే.

పాదం మీద ఏదో కదిలింది. అటూ ఇటూ. ఇందాకటి నుంచీ కదులుతూనే ఉంది కాబోలు, చప్పుళ్ళలో పడి తను పట్టించుకోలేదు. పాదం పైన, చీలమండకి కాస్త ముందు, ఒక వేలు మెల్లగా అటూ ఇటూ రాస్తోంది, ఆగుతోంది, మళ్ళీ రాస్తోంది. ఈ రాయడం తెలుసు. ఇది ఒంటికి తెలుసు, తనకంటే ముందే తెలుసు. సబ్బు వాసన లేదు గానీ ఉన్నట్టే ఉంది. గదిలోకి ఇనుము రాకూడదు. వాచీ తీసెయ్యాలి, పోగులు తీసెయ్యాలి, తీగ చట్రం కళ్ళజోడు కూడా తీసెయ్యాలి, ఆ కళ్ళజోడు లేకపోతే అమ్మకి తెర మీద ఒక్క గీత కూడా ఆనదు. కుర్చీ ఖాళీ. కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు తెలిసింది. రెక్కల్లో, పిల్లల్లో, అందరి తలల్లో వెతికింది ఏదైతే ఉందో, అది అక్కడ తెర మీద ఒక్కొక్క పొరే తెరుచుకుంటుంటే, ఆవిడ దానికి వీపు పెట్టి, కళ్ళజోడు లేకుండా, ఇక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది.

వెంటనే పాత అనుమానం తల ఎత్తింది. పాదం మీద కూడా నాడి ఉంటుంది. అది కూడా చూస్తారు. ఇప్పుడు కూడా లెక్కపెడుతోందా? పిట్ట ఊపిరి బిగబట్టి తన ప్రాణమంతా పాదంలోకి దింపుకుంది. ఎన్ని వేళ్ళు? కింద అరికాలుని నాలుగు వేళ్ళు చుట్టి పట్టుకున్నాయి. పైన ఒక్కటే. పొట్టిగా, వెడల్పుగా, బరువుగా. బొటనవేలు. డాక్టర్లు దూరంగా పెట్టే వేలు. అయితే, అయితే తెల్లవారుజామున కణత మీద? ఏ వేలు అది? చెంప మీద అరచెయ్యి, చెవి వెనక నాలుగు వేళ్ళు, కణత మీద వెడల్పాటి ఒక్క వేలు. ఎప్పుడూ అదే. ఒక్కరోజు కూడా రెండు వేళ్ళు జతచేసి పెట్టలేదు. దాంతో ఏ సరుకూ తెలీదు. తన కింద డాక్టరెవరైనా అలా పట్టుకుంటే అమ్మ ఇంతెత్తున లేచేది. ఇన్ని తెల్లవారుజాములు నేను గోడవైపు తిరిగింది దేని నుంచి? చీకట్లో ఒకావిడ వచ్చి, తను నేర్చుకున్నదంతా గుమ్మం బయట వదిలేసి, నిద్రపోతున్న పిల్ల కణత మీద తన నాడి తనే వింటూ నిలబడేది. నేను దాన్ని తోసేశాను.

చప్పుడు ఆగింది. చెవుల్లో ఆ చప్పుడు లేకపోవడమే గుయ్యిమంటోంది. బల్ల మెల్లగా బయటికి జరిగింది. ఎవరో చట్రం విప్పారు, వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. వెలుగులో అమ్మ మొహం. కళ్ళజోడు లేకపోతే ముక్కుకి రెండువైపులా రెండు నొక్కులు, ఎంత చిన్నదైపోయిందో ఆ మొహం, ఫొటోలో ఈలపిల్ల మొహంలా ఉంది.

"డాక్టర్‌గారూ, బొమ్మలన్నీ వచ్చేశాయి. పెద్దసారు రమ్మంటున్నారు" అని స్పీకర్లోంచి స్కాన్ మనిషి.

"చూస్తూ ఉండమనండి. వస్తాం."

"ఏముందమ్మా?" అంది పిట్ట.

"తెలీదే. చూళ్ళేదు."

అమ్మ నోట తెలీదు అన్న మాట ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి వింది. భయపెట్టాల్సిన మాటే. ఎందుకో దుప్పటిలా వెచ్చగా ఉంది. "నువ్వు అక్కడ కూర్చోవాలి కదా" అంది.

"అక్కడ ఆయనున్నారుగా. ఇక్కడెవరున్నారు?"

"ఒకవేళ ఉంటే?"

"ఉంటే కుట్టాలి."

"నువ్వా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి నిలవదు. ఆయన కుడతారు. నేను ఇదిగో, ఇలా కాళ్ళ దగ్గర."

"మరి అన్ని రెక్కలు కుట్టావు..."

"తినేశాంగా, ఏం వృథా పోలేదు" అంది అమ్మ. నవ్వబోయి నవ్వలేకపోయింది. దుప్పటి అంచు సర్దింది, సర్దినదాన్నే మళ్ళీ సర్దింది. "ఎందుకొచ్చావని అడిగావు కదే ఆ రోజు. పాట వినడానికే వచ్చాను. సగం పాట దాకా నీ చేతుల వంక చూడనే లేదు. నీ మొహమే చూస్తూ కూర్చున్నా. ఇంకెవరి పిల్లయినా అయ్యుంటే మొదట్లోనే పట్టేసేదాన్ని."

పిట్ట కంటి కొసన తడి చూసి అమ్మ చెయ్యి చాచింది. చెంప మీద అరచెయ్యి, చెవి వెనక నాలుగు వేళ్ళు, కణత మీద బొటనవేలు. పిట్ట ఈసారి కళ్ళు తెరిచే ఉంచింది.

"డాక్టర్‌గారూ..." మళ్ళీ స్పీకరు.

"ఆఁ, వస్తున్నాం." వేలు లేవబోయింది. పిట్ట ఎడంచెయ్యి దుప్పటిలోంచి పైకి వచ్చింది. మెల్లగా, దారి వెతుక్కుంటూ వచ్చి అమ్మ మణికట్టు చుట్టూ పడింది. ఒక్కొక్క వేలే మూసుకుంది. ఉంగరపువేలు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

"ఉంచు" అంది పిట్ట.